రబియా సిస్టమ్స్, పంజాగుట్ట

ఆ రోజు పొద్దున సాబిర్ అనుకున్నది చాలా చిన్న సంగతి. ల్యాబ్‌లోని సిస్టములన్నిటికీ విండోస్ కొత్తగా ఎక్కించాలి, మధ్యాహ్నం మధురానగర్‌లోని ఇంటికి వెళ్లి భార్య రబియా వండిన ఖట్టీదాల్ తినాలి, కాసేపు నడుం వాల్చాలి.

మైత్రీవనం వెనక సందులో ఒక కోచింగ్ సెంటరుకు అతను సిస్టమ్ అడ్మిన్. ఆ వేళ ఒక పెద్ద కంపెనీ వాళ్లు వచ్చి ఆ ల్యాబ్‌లోనే పిల్లలకు ఉద్యోగ పరీక్ష పెట్టబోతున్నారు. తీరా చూస్తే ఏ సిస్టమ్ తెరిచినా వైరస్.

"ఏంటి సాబిర్, పరువు పోయేలా ఉందే. పరీక్ష టైముకి అవుతుందా?" అన్నారు సెంటరు నడిపే అరుణాదేవి గారు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. నా దగ్గర డిస్కు ఉన్నది."

ఉన్న మాట నిజమే. మామూలుగా ఫైళ్లు కాపీ చేసిన డిస్కు పెడితే కంప్యూటరు దాన్ని పట్టించుకోదు. తనంతట తాను లేచి పని మొదలుపెట్టేలా దాన్ని ప్రత్యేకంగా రాయాలి. అందులో పేరేమిటి, సంస్థ ఏది, తెర మీద ఏ బొమ్మ ఉండాలి అన్న ప్రశ్నలకు జవాబులు కూడా ముందే రాసిపెడితే, ఇక మనిషి ఏమీ నొక్కక్కర్లేదు. అలాంటి డిస్కు కోసం సాబిర్ ఇంట్లో చాలా రోజులు తిప్పలు పడ్డాడు. పాడైన డిస్కులను రబియా బాల్కనీలో పావురాలు రాకుండా దారాలతో వేలాడదీసింది. చివరికి ఒకటి కుదిరింది. దానికి నకళ్లు తీసి సంచీలో వేసుకుని వచ్చాడు.

ఒక్కో సిస్టములో ఒక్కో డిస్కు పెట్టి, కిటికీ పక్కన కూర్చున్నాడు. డిస్కులన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెట్టేసరికి గదంతా తేనెటీగల పాట కమ్ముకుంది. తెరలన్నీ నీలంగా వెలిగాయి. ఆ నీలంలో, ఏసీ చల్లదనంలో, సాబిర్‌కు ఎప్పుడూ వచ్చే కలే మళ్లీ వచ్చింది. పంజాగుట్ట చౌరస్తాలో అద్దాల ఆఫీసు. అద్దం మీద వాన జారుతోంది. కింద బస్సులు చప్పుడు లేకుండా ఈదుతున్నాయి. తలుపు మీద బంగారు రంగు అక్షరాలతో రబియా పేరు. లోపల రబియా కుర్చీలో కూర్చుని, కాళ్లు నేలకు అందక ఊపుతూ, ఎవరికో ఫోన్‌లో 'వద్దు' అని సంతోషంగా చెబుతోంది.

"భాయ్, అయిపోయినట్టుంది," అని ఎవరో తట్టారు.

కళ్లు తెరిచాడు. తెరలన్నిటి మీదా లేత పచ్చరంగు బొమ్మ. దాని మీద బంగారు అక్షరాలు: 'రబియా సిస్టమ్స్, పంజాగుట్ట. మేనేజింగ్ డైరెక్టర్: రబియా బేగం'. కింద వాళ్లింటి ఫోన్ నంబరు.

కల ఇంకా పోలేదనుకుని సాబిర్ మళ్లీ కళ్లు మూసుకున్నాడు. రెండోసారి తెరిచినప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో డిస్కు రాసేటప్పుడు సంస్థ పేరు, నంబరు అడిగితే, ఎవరు చూస్తారులే అని మనసులో ఉన్నదే రాశాడు. మార్చడం మరిచిపోయాడు.

మార్చే వ్యవధి లేదు. కంపెనీ తరఫున వచ్చిన రాజనర్సయ్య గారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. ఆయన తెరలన్నీ తేరిపార చూసి, "మేడం, ఈ రబియా సిస్టమ్స్ ఎవరు?" అని అడిగారు.

తన ల్యాబ్‌లో తనకు తెలియనిది ఉందని ఒప్పుకోవడం అరుణాదేవి గారి ఒంటికి పడదు. "మా పార్ట్‌నర్స్ అండీ. పాతవాళ్లే. ఒక్క పూటలో ల్యాబంతా కొత్తగా చేసిపెట్టారు," అన్నారు.

ఆ మాట పరీక్షకు కూర్చున్న పిల్లలందరి చెవినా పడింది. అందరికంటే ముందు పరీక్ష రాసి బయటికొచ్చిన ప్రవీణ్ అనే కుర్రాడు సాబిర్‌ను మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "అన్న, రబియా సిస్టమ్స్‌ల ఓపెనింగ్స్ ఉన్నయా?"

"నాకేం ఎరుక లేదు."

అలా అన్నాడంటే కచ్చితంగా ఉన్నాయనే ప్రవీణ్‌కు అర్థమైంది. కింద ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాడు. వాడి వెనక ఇంకొందరు పరుగెత్తారు. సాబిర్ కూడా ఇంటికి ఫోన్ చేశాడు. ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్.

ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు చెప్పులు, బూట్లు గుట్టగా పడి ఉన్నాయి. ముందు గదిలో టై కట్టుకున్న కుర్రాళ్లు రబియా మగ్గం చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆమె దుపట్టాకు జరీ పూలు కుడుతూనే ఇంటర్వ్యూ చేస్తోంది.

"జావా వస్తది మేడం," అంటున్నాడు ఒకడు.

"మంచిది. గీ సూదిల దారం ఎక్కియ్యి."

వాడు మూడుసార్లు తప్పాడు. "కూసో బేటా, నిమ్మళం కావాలె," అని చాయ్ ఇప్పించింది.

సాబిర్ ఆమెను వంటింట్లోకి పిలిచాడు. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "ఒక్క మాట సుత చెప్పలే మీరు. ఆఫీసు ఎప్పుడు తెరిచిన్రు? నా పేరే పెట్టిన్రంట."

ఆ మెరుపు చూశాక అతనికి నిజం చెప్పాలనిపించలేదు. అయినా చెప్పాడు. "ఆఫీసు లేదు రబియా. నాకొచ్చే కల అది. డిస్కుల రాసుకున్న. బయటవడ్డది. నౌకరి సుత పోతదేమో."

రబియా మరుగుతున్న చాయ్‌ను పొయ్యి మీద నుంచి దించింది. "కలల నేనేం చేస్తుంట?"

"కుర్చీల కూసోని ఫోన్‌ల ఒద్దంటుంటవ్."

"ఎవరికి?"

"ఎరుక లేదు."

ముందు గదిలో అలజడి వినిపించింది. అరుణాదేవి గారు, ఆమె వెంట రాజనర్సయ్య గారు లోపలికి వచ్చారు. పార్ట్‌నర్స్‌ను పరిచయం చేయమని ఆయన పట్టుబట్టడంతో, తెర మీది నంబరు పట్టుకుని అడ్రసు అడుగుతూ ఆమె ఆయనను తీసుకురాక తప్పలేదు. రబియా సాబిర్ చేతిలో చాయ్ పళ్లెం పెట్టి, దుపట్టా సర్దుకుని బయటికి నడిచింది.

"అమ్మా, మా కొత్త ఆఫీసుల మూడంతస్తుల నిండ సిస్టములున్నయి," అన్నారు రాజనర్సయ్య గారు. "ఒక్కొక్కదాని ముందు ఒక మనిషి కూసోని నొక్కుతుండు. మీరు ఒక్క పూటల ల్యాబంత ఎట్ల చేసిన్రు?"

ఆ డిస్కు గురించి రబియా అన్నం వడ్డిస్తూ వినని రోజు లేదు. "డిస్కు పెడితే సాలు, మిగిలింది అదే చేసుకుంటది," అంది.

"మా పని సుత మీరే చెయ్యాలె. రేపే మొదలువెట్టుండ్రి."

"రేపు ఒద్దు సార్. ఎల్లుండి చూస్తం."

ఆయన తలూపారు. అప్పుడు అరుణాదేవి గారి చూపు చాయ్ పళ్లెం మీద, ఆ తర్వాత దాన్ని మోస్తున్న మనిషి మీద పడింది. "సాబిర్? నువ్వేంటి ఇక్కడ?"

సాబిర్ నోరు తెరిచేలోపే రబియా అందుకుంది. "మేమే పెట్టుకున్నం మేడం, ట్రయల్ మీద. పని చూసి పర్మినెంట్ చేస్తం."

ఇప్పుడు వాళ్లకు పంజాగుట్టలో అద్దాల ఆఫీసే ఉంది గానీ, సాబిర్ ట్రయల్ మాత్రం ఇంకా పూర్తి కాలేదు.