లిఫ్టు ఇన్‌స్పెక్టరు ఎడమ చెయ్యి

గురువారం ఉదయం ఏడున్నరకు లిఫ్టు ఇన్‌స్పెక్టరు ఎడమ చెయ్యి నున్నగా గీసుకుని స్నానాల గదిలోంచి బయటికి వచ్చాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒక్క వెంట్రుక లేదు. కుడి చెయ్యి ఎప్పటిలాగే ఉంది. వదులు చేతుల చొక్కా తొడుక్కుని, గ్లాసుడు నీళ్ళు తాగి, బల్ల దగ్గర కూర్చున్నాడు. పదిన్నరకు ఆయన పచ్చబొట్టు వేయించుకోవాలి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ రోజుతో ఆయన పెళ్ళికి పాతికేళ్ళు. నెల కిందట భార్య ఒక మాట అంది. "పాతికేళ్ళలో నా కోసం ఒక్క తిక్కపనైనా చేశారా మీరు? నన్ను పెళ్ళి చేసుకుంటానని అడగడానికి కూడా ముందు మీ ఆఫీసులో అనుమతి తీసుకున్నారు." ఆ మాట నిజమే కాబట్టి ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఒక తిక్కపని చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. దాన్ని కూడా నియమం ప్రకారమే మొదలుపెట్టాడు.

పచ్చబొట్లు వేసే అమ్మాయి అన్నీ వివరంగా చెప్పింది. ముందు రోజు మందు ముట్టకూడదు, కాఫీ తగ్గించాలి. బాగా నిద్రపోవాలి, నీళ్ళు తాగాలి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి. వెంట ఒక్కరికి మించి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కడుపు నిండా తిని రావాలి. "ఖాళీ కడుపుతో వస్తే కళ్ళు తిరిగి పడిపోతారు సార్. నేను సూది ముట్టను" అంది. చేతి మీద వెంట్రుకలు తనే తీస్తానని కూడా అంది. "నీకెందుకమ్మా శ్రమ" అన్నాడు ఆయన.

తను వేసుకునే తలనొప్పి మాత్ర కూడా ఆ రకమేనేమో తేల్చుకుందామని బావమరిదిని అడగడంతో వ్యవహారం అడ్డం తిరిగింది. బావమరిదికి మందుల షాపు ఉంది. చుట్టాల్లో అతన్ని సగం డాక్టరంటారు. మిగతా సగం ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

"రక్తం పల్చబడే మాత్ర ఎన్నాళ్ళ ముందు మానెయ్యాలోయ్?"

"దేనికి ముందు బావా?"

"ఏం లేదు. చిన్న సూది పని ఉందిలే, గురువారం. మీ అక్కతో అనకు."

బావ షాపు మెట్లు దిగాడో లేదో, బావమరిది అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, గురువారం బావకి ఆపరేషన్."

"ఎవరు చెప్పార్రా?"

"ఒకరు చెప్పాలా? కాఫీ మానేశాడా?"

"మానేశారు."

"పెందరాళే పడుకుంటున్నాడా?"

"ఎనిమిదిన్నరకే గుర్రు పెడుతున్నారు. నీళ్ళయితే బిందెలకి బిందెలు."

"ఇంకేం. గుండె అక్కా. ఈ రోజుల్లో గుండెకి చేతిలోంచే వెళ్తారు. చెయ్యి గీసుకున్నాడంటే ఇక ఖాయం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బెంగ పెట్టుకుంటావని. నువ్వూ తెలిసినట్టు బయటపడకు, గుండె మనిషికి కంగారు పనికిరాదు. ఆ పొద్దున ఆయన నోట్లో మెతుకు పడకూడదు. నీదీ ఆయన గ్రూపే కదా, రక్తం కావాల్సి రావచ్చు. నువ్వు మాత్రం కాఫీ మాని, కంటి నిండా నిద్రపోయి, కడుపు నిండా తిని సిద్ధంగా ఉండు."

అందుకే గురువారం ఉదయం ఆ నున్నటి చెయ్యి చూడగానే భార్య చేతిలో గరిటె జారిపోయింది.

"టిఫిను?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గ్యాసు అయిపోయింది."

"పొయ్యి మీద ఆవిరి వస్తోందిగా?"

"అదే ఆఖరిది."

"పోనీ బ్రెడ్డు?"

"బూజు పట్టింది."

ఆయన లేచి అరటిపండు తీసుకుని తొక్క వలిచాడు. ఆవిడ అది లాక్కుని రెండు ముక్కల్లో తనే మింగేసింది.

"పెళ్ళిరోజు పూట అరటిపండుకి కూడా నోచుకోలేదా నేను?"

"రేపు తిందురు గాని. గెల తెప్పిస్తాను" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీదిది దించుకుని, కళ్ళు తుడుచుకుంటూ కడుపు నిండా తింది.

ఇన్‌స్పెక్టరు బస్సెక్కాడు. బయటి తిండి తినకూడదన్నది ఆయన పెట్టుకున్న పాత నియమం. తిని రావాలన్నది కొత్త నియమం. దారి పొడుగునా రెండూ కుస్తీ పట్టాయి. పాతదే గెలిచింది. బస్సు వెనకాల బావమరిది కారులో అక్కా తమ్ముడూ, ఒక దిండు, రెండు దుప్పట్లు, వేడినీళ్ళ ఫ్లాస్కు వస్తున్నాయి.

ఆయన దిగిన భవనానికి నాలుగు అంతస్తులు. కింద ఒక క్లినిక్కు. బోర్డు చూసి భార్య తమ్ముడి భుజం పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు క్లినిక్కు దాటి లిఫ్టు దగ్గర ఆగాడు. తలుపు పక్కన తనిఖీ చీటీ గడువు దాటి ఉంది. సీలు వేసే సరంజామా సంచిలో ఉంది కానీ, పచ్చబొట్టు అయ్యాక వేద్దామని మెట్ల దారి పట్టాడు.

"ఆపరేషన్ థియేటరు పైనుంది కాబోలు" అన్నాడు బావమరిది. "పద, మనం లిఫ్టులో ముందే వెళ్ళి కూర్చుందాం."

మూడో అంతస్తు దాటాక లిఫ్టు ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. దీపం ఆరింది.

ఇన్‌స్పెక్టరు రొప్పుతూ నాలుగో అంతస్తు చేరేసరికి లిఫ్టు గోతిలోంచి కేక వినిపించింది. "ఎవరైనా ఉన్నారా?" భార్య గొంతు. ఆ గొంతు ఆయన మొదటిసారి విన్నది కూడా, పెళ్ళికి ముందు ఆవిడ లిఫ్టులో ఇరుక్కున్నప్పుడు, లిఫ్టు గోతిలోంచే. అప్పట్లో ఆయన మెకానిక్కు. తలుపు తెరిచేటప్పుడు పక్కన ఇంకో మెకానిక్కు ఉన్నాడు.

"నువ్వా? ఇక్కడేం చేస్తున్నావు?"

"మీరు మెట్లెక్కి వచ్చారా? ఈ గుండెతోనా?"

నియమం ప్రకారం ఇద్దరు మనుషులుండాలి. ఒకరు పైన స్విచ్చు దగ్గర, ఒకరు తలుపు దగ్గర. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. "కదలకండి" అని అరిచి, మేడ మీది మోటారు గదికి పరుగెత్తి కరెంటు ఆపాడు. కిందికి వచ్చి, ఎప్పుడూ జేబులో ఉండే తాళంతో తలుపు తెరిచాడు. లిఫ్టు నడుమెత్తు కిందికి ఉంది. నేల మీద బోర్లా పడుకుని భార్యను పైకి లాగాడు.

"ముందు దిండు పట్టుకో బావా" అన్నాడు బావమరిది.

"దిండేమిట్రా?"

"నీ కోసమే. ఫ్లాస్కు కూడా."

దిండు వచ్చింది, ఫ్లాస్కు వచ్చింది. చివరికి సగం డాక్టరును పూర్తిగా లాగుతుంటే తలుపు అంచు తగిలి ఇన్‌స్పెక్టరు ఎడమ చెయ్యి తెగింది. అదీ గీసుకున్న చోటే.

గోలకు పచ్చబొట్ల అమ్మాయి ఆ అంతస్తులోనే ఉన్న తన షాపులోంచి బయటికి వచ్చింది. చేతికి గ్లవ్సు, ముఖానికి మాస్కు.

"డాక్టరమ్మా, మా బావ ఏమీ తినలేదు. మీరు నిశ్చింతగా మొదలుపెట్టండి" అన్నాడు బావమరిది.

"తినలేదా? అయితే వెయ్యను. పైగా తెగిన చర్మం."

"ఏం వెయ్యరు?" అంది భార్య.

"పచ్చబొట్టు" అన్నాడు ఇన్‌స్పెక్టరు చెయ్యి అదిమి పట్టుకుని. "ఆ అమ్మాయి చెప్పింది సబబే. నియమం నియమమే."

భార్య మొగుడి వైపు, తమ్ముడి వైపు, దిండు వైపు చూసింది. ఆ తర్వాత తమ్ముణ్ణి అన్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు. అన్నీ అయ్యాక లోపలికి వెళ్ళింది. బల్ల మీద బొమ్మ కాగితం ఉంది. నిలువు గీతకు అటొకటి ఇటొకటి, బయటి వైపు చూస్తున్న రెండు బాణాలు. లిఫ్టులో తలుపు తెరుచుకోవడానికి నొక్కే మీట మీది గుర్తు. ఆవిడకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"ఏమండీ, తలుపు తెరవడానికి ఇద్దరుండాలి కదా?"

"ఉండాలి."

"మీరొక్కరే తెరిచారు."

ఇన్‌స్పెక్టరు తల వంచుకున్నాడు. "తెరిచాను."

ఆవిడ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "అమ్మాయ్, నేను కాఫీ మానేశాను. కంటి నిండా నిద్రపోయాను. ఇంట్లో ఉన్నదంతా నేనే తిన్నాను. నాకు వెయ్యి."

వెంట ఒక్కరే ఉండాలి. ఇన్‌స్పెక్టరుకు కుట్లు అవసరం గనక ఆ ఒక్కడు బావమరిదే అయ్యాడు. సూది యంత్రం మోగగానే అతను దిండు మీదికి ఒరిగాడు.

కింద క్లినిక్కులో నర్సు ఇన్‌స్పెక్టరు చెయ్యి తిప్పి చూసింది.

"షేవింగు ఎవరు చేశారండీ?"

"నేనే."

"ఏమైనా తిన్నారా?"

"లేదమ్మా."

"రక్తం పల్చబడే మాత్రలు?"

"ముట్టలేదు."

"ఇంత పద్ధతిగా తయారై వచ్చిన పేషెంటును నా సర్వీసులో చూడలేదు" అంది నర్సు. నాలుగు కుట్లు పడ్డాయి.

మధ్యాహ్నానికి భార్య చేతి మీద బొమ్మ పూర్తయింది. ఇన్‌స్పెక్టరు లిఫ్టుకు సీలు వేశాడు. బావమరిదిని మెట్ల మీదుగా దింపారు.