తాళం బొమ్మకు తగిన ఋజువు

ఏ వస్తువు ఎవరిదో తేల్చడానికి మానవజాతి ఇంతకాలం దస్తావేజులు, సాక్షులు, సరిహద్దు రాళ్లు, కోర్టు వాయిదాలు అంటూ నానా తంటాలు పడింది. ఇకపై ఆ బాధ లేదు. నలభై మూడు అక్షరాల పిచ్చిరాతను చెప్పినచోట అతికించగలిగినవాడే యజమాని. అతికించలేనివాడు ఎన్నేళ్లుగా అనుభవిస్తున్నా సరే, దారిన పోయేవాడు. ఇంత తేలికైన సూత్రం మన సర్వేయర్లకు ఎందుకు తట్టలేదో నాకు తెలియదు.

మా నరసాపురానికి ఈ సూత్రం సంపూర్ణమ్మ గారి ద్వారా వచ్చింది. ఆవిడ లూథరన్ చర్చి వెనక వీధిలో నలభై మంది ఆడవాళ్లతో లేసు అల్లించే సొసైటీ నడుపుతారు. ఓ విదేశీ కంపెనీ ఏటా సొసైటీ వెబ్‌సైట్‌లో నమూనాలు చూసి, క్రిస్మస్ బల్లగుడ్డలకు ఆర్డరు పెడుతుంది. ఈసారి వాళ్ల ఆఫీసులో కొత్త రూలు వచ్చిందట. సైటు పేరు పక్కన తాళం బొమ్మ లేకపోతే వాళ్ల కంప్యూటర్ తెరవదు. శనివారం సాయంత్రంలోగా తాళం కనిపించకపోతే ఆర్డరు వేరే ఊరికి పోతుంది. అది నలభై మందికీ ఆర్నెల్ల పని.

"ఇన్నేళ్లుగా అల్లుతున్నామండి. ఇప్పుడు వాళ్ల కంటికి దొంగల్లా కనపడ్డామా?" అన్నారావిడ నాతో. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన నాకు కంప్యూటర్లు తెలుసని వీధిలో ఒక అపోహ ఉంది. దాన్ని పెంచి పోషించింది నేనే కాబట్టి తప్పించుకోలేకపోయాను.

తాళం బొమ్మలిచ్చే సంస్థకు అర్జీ పెట్టాం. అర క్షణంలో జవాబొచ్చింది. (నా ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో అర క్షణంలో బదులిచ్చిన ఆఫీసు లేదు. అప్పుడే అనుమానించాల్సింది.) సైటు మీదేనని ఋజువుగా ఈ కింది అక్షరాలను మీ డీఎన్‌ఎస్‌లో పెట్టండి, అంది. డీఎన్‌ఎస్ అంటే ఏ పేరు అడిగితే ఏ కంప్యూటర్‌కు దారి చూపాలో రాసి ఉంచే చిట్టా. పాతకాలపు పోస్ట్‌మాన్ బుర్రలో ఉండేదే, కాకపోతే దీనికి పాస్‌వర్డ్ ఉంటుంది.

సంపూర్ణమ్మ గారు ముందు జాగ్రత్తగా సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, కరెంటు బిల్లు, పాస్టరు గారి ఉత్తరం స్కాన్ చేయించి పంపారు. యంత్రం వాటి మొహం చూడలేదు. దాని నిబంధనల ప్రకారం మీరెవరన్నది అప్రస్తుతం. అతికించారా, లేదా, అంతే.

పాస్‌వర్డ్ కోసం మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటర్ నడిపే మహేంద్ర దగ్గరికి వెళ్లాం. సైటు పెట్టింది అతనే. మా వాళ్లకో అలవాటుంది. ఫారంలో ఫోన్ నంబరు అడిగితే, "ఎందుకొచ్చిన గొడవ, నీదే రాసెయ్ బాబూ" అంటారు. మహేంద్ర ఎవర్నీ కాదనడు. ఆ నంబరు లెక్కన మూడు రైసు మిల్లులు, ఒక కల్యాణ మండపం, మా లేసు సొసైటీ చిట్టాలో మహేంద్రవే. (అతను అద్దె ఇంట్లో ఉంటాడు.)

"పాస్‌వర్డ్ మర్చిపోయానాంటీ. మార్చాలంటే ఓటీపీ వస్తుంది. చిట్టాలో చెయ్యిపెట్టిన ప్రతిసారీ వస్తుందండి" అన్నాడు.

"ఏ నంబరుకి?"

"నా పాత నంబరుకండి. రీచార్జ్ చెయ్యలేదని లాగేసుకుని, ఇంకెవరికో ఇచ్చేశారు."

ఆ నంబరుకు సంపూర్ణమ్మ గారి చేత ఫోన్ చేయించాం. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న గున్నేశ్వరరావు గారు ఎత్తారు. మూడేళ్లుగా ఆయనకు ఎవరెవరివో ఓటీపీలు వస్తున్నాయట. ఒక్కటీ బయటపెట్టలేదట.

"ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు రోజూ మెసేజ్ పెడతారు కదండీ. ఆడవాళ్లతో అడిగిస్తే చెప్పేస్తాననుకున్నారా?" అని పెట్టేశారు. సైబర్ భద్రతా సూచనలను అక్షరాలా పాటించే ఏకైక పౌరుడు ఏరికోరి మాకే తగిలాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాం. గున్నేశ్వరరావు గారు కుర్చీలు వేయించారు, మజ్జిగ ఇప్పించారు, ఓటీపీ మాత్రం ఇవ్వనన్నారు. "తప్పుగా అనుకోకండి. ఆ సొసైటీ మీదేనని నాకేంటండి నమ్మకం?"

సంపూర్ణమ్మ గారు సంచిలోంచి దారపుండ, కొక్కెం సూది తీశారు. ఆయన ఫోన్‌లోనే సైటు తెరిపించి (ఇది ప్రమాదకరమని ఫోను మూడుసార్లు అడ్డుపడింది), అందులో నెమలి అంచు నమూనా చూపించి, అక్కడే అల్లడం మొదలుపెట్టారు. గంటన్నర పట్టింది. గున్నేశ్వరరావు గారు మేత వేయించే పని మానుకుని కదలకుండా చూశారు. ఫోన్‌లో బొమ్మను పెద్దది చేసి, కన్నాలు లెక్కపెట్టుకుని, లేసును వేళ్లతో తడిమి, "మీదేనండి" అన్నారు. ఇంత వ్యవహారంలోనూ ఋజువును కళ్లతో చూసి తీర్పిచ్చింది ఆయనొక్కరే. ఆయనకు ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు.

ఓటీపీ చెప్పారు. ఫోన్‌లో అది విని, అక్కడ నెట్ సెంటర్‌లో మహేంద్ర అక్షరాలు అతికించాడు. నాలుగింటికి తాళం బొమ్మ, ఆరింటికి ఆర్డరు వచ్చాయి. సంపూర్ణమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, ఒప్పుకోవడానికేం.

ఆనక నంబరు మార్చమని ఆ చిట్టా నడిపే కంపెనీకి అర్జీ పెట్టాం. యజమాని సమ్మతి కావాలన్నారు. యజమాని అంటే ఓటీపీ వచ్చే మనిషి. గున్నేశ్వరరావు గారు సంతోషంగా సంతకం చేసిచ్చారు. ఆధార్‌లో పేరూ చిట్టాలో పేరూ కలవలేదని కాగితం తిరిగొచ్చింది. చిట్టాలో యజమాని పేరు టెస్ట్ టెస్ట్. (మహేంద్ర సరిచూసుకోవడానికి కొట్టి, మార్చడం మర్చిపోయాడట.) ఆ పేరుగల వ్యక్తి ఆధార్ జతచేయమని సలహా ఇచ్చారు.

తాళం బొమ్మ ఆయుష్షు తొంభై రోజులు. గడువు ముగిసేసరికి మళ్లీ కొత్త అక్షరాలు, మళ్లీ ఓటీపీ. (పెన్షనర్లం బతికున్నామని ఏడాదికోసారి చెబితే చాలు.) పాపం, గున్నేశ్వరరావు గారు ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. మొన్న కూడా చెరువు గట్టు మీంచి ఫోన్ చేశారు.

"రాసుకోండమ్మా, నాలుగు, సున్నా, ఏడు, ఏడు, ఒకటి, తొమ్మిది. మీ సొసైటీ ఇంకో తొంభై రోజులు నాదేనటండి."