మామగారికి రెండో గుండె

ఆ రోజు కోడలు పెట్టుకున్న పని చిన్నదే. కుర్చీ మెత్తలో కుట్టిన బుల్లి మోటార్లు సరిగ్గా వణుకుతున్నాయో లేదో ఒకసారి చూసుకుని, పదకొండింటికి ఆఫీసులో చూపించాలి. లారీ నడుపుతూ కునికే డ్రైవర్లను వీపు తట్టి లేపే మెత్త అది. ఎలా తట్టాలో కంప్యూటరులో గీత గీసి చెబితే చాలు. గీత ఎగిస్తే మోటారు గట్టిగా వణుకుతుంది, దిగితే మెల్లగా. పోయినసారి పైఅధికారులు "ఏమీ తెలియడం లేదే" అని పెదవి విరిచారు. ఈసారీ అదే మాటంటే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది.

మెత్తను హాల్లో కుర్చీకి ఆనించి, "ఏమండీ, వచ్చి కూర్చోండి!" అని భర్తకు కేకేసి, ఆమె తన గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. భర్త స్నానం చేస్తున్నాడు. వచ్చి కూర్చున్నది మామగారు. రిటైరైన లెక్కల మాస్టారు.

'గుండెచప్పుడు' అని తాను పేరు పెట్టిన గీతను ఆమె నొక్కింది.

మామగారు పేపరు దించి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. అక్కడ ఒక లెక్క, వీపు దగ్గర ఇంకో లెక్క.

"ఒరేయ్! నాకు రెండు గుండెలు కొట్టుకుంటున్నాయిరా!"

కొడుకు సబ్బు నురగతోనే తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "నాన్నా, కదలకండి!" అంటూ పై అంతస్తు డాక్టరుకు ఫోన్ చేశాడు.

"తెలుస్తోందాండీ?" అని గదిలోంచి కోడలు అరిచింది.

"తెలుస్తోందమ్మా, బాగా తెలుస్తోంది!" అని మామగారు మూలిగారు. హెడ్‌ఫోన్లలో ఆమెకేం వినబడుతుంది? జవాబు రాలేదనుకుని జోరు పెంచింది.

డాక్టరు వచ్చి స్టెతస్కోపు ఆనించి అదిరిపడ్డారు. "ఇది గుండేనా, పిండిమరా? అంబులెన్సును పిలవండి! మాస్టారూ, మీరు పడుకోండి. నాకే కళ్లు తిరుగుతున్నాయి" అని ఆ కుర్చీలోనే కూలబడ్డారు. మరుక్షణం ఎగిరి లేచారు. "అయ్యబాబోయ్, ఇది అంటుకునేలా ఉంది!"

అంబులెన్సు మోత హెడ్‌ఫోన్లను దాటి ఆమె చెవిన పడింది. కోడలు బయటికొచ్చేసరికి హాల్లో రెండు స్ట్రెచర్లు. ఒకదానిమీద మామగారు, రెండోదానిమీద డాక్టరు.

"అయ్యో మామయ్యగారూ! అది గుండె కాదు, మెత్త!"

"నేనూ అదే అనుకున్నాను" అన్నారు డాక్టరు, స్ట్రెచరు దిగుతూ.

మామగారు కోప్పడలేదు. ఇంట్లోవాళ్లకు అందుకే భయం వేసింది. "ఆ గీతలు గీసేది ఎంతకు కొన్నావమ్మా?" అని మాత్రం అడిగారు.

"కొనలేదండీ. ఆ ప్రోగ్రాము అందరికీ ఉచితం. ఎవరైనా ఇంటర్నెట్ నుంచి దించుకుని మార్చుకోవచ్చు."

"అలాగా!" అన్నారాయన, ఎంతో నెమ్మదిగా.

ఆఫీసులో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టరే స్ట్రెచరెక్కితే డ్రైవరు లేవడా అని పైఅధికారులు పడీపడీ నవ్వి, పని ఆమెకే ఉంచారు. సాయంత్రం ఇంటికొచ్చి, హుషారుగా తన కుర్చీలో చేరగిలబడింది.

వీపున తేళ్లు బారుకట్టి పాకినట్టయింది. కెవ్వుమని గుమ్మందాకా గెంతింది. గుమ్మంలో మామగారు, ఒళ్లో లాప్‌టాప్‌తో స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"మిగిలిన మోటార్లు నీ సొరుగులో దొరికాయమ్మా. వంకర గీతలు నాకు కొత్తేం కాదుగా! రేపు ఇంకొంచెం నున్నగా వేస్తాలే."

కోడలు ఇప్పుడు నిలబడే పనిచేస్తోంది.