మాదన్నపేటలో ఎక్కే మనిషి

ఆ శనివారం పొద్దున కాశమ్మ అనుకున్నది చాలా చిన్న పని. భిక్షపతికి స్నానం చేయించి, రొట్టె తినిపించి, ఆయన నోట ఒక్కసారి "ఏమే" అనిపించుకోవాలి. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు చేసిన మనిషికి మతిమరుపు జబ్బు ముదిరి, పెళ్లాం ముఖమే గుర్తు లేకుండా పోయింది. ఏడాదిగా "ఓ అమ్మా" అంటున్నాడు. ఆ "ఏమే" కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

ఇలాంటివాళ్లను సాకే ఇంటివాళ్లందరినీ దవాఖానాలో కూర్చోబెట్టి నర్సు మాణిక్యమ్మ పాఠం చెప్పింది. కాదనొద్దు. నేనెవరో చెప్పు అని పరీక్ష పెట్టొద్దు. ఆయన ఏ లోకంలో ఉంటే మీరూ అక్కడికే పొండి.

ఎనిమిదింటికి భిక్షపతి వాకిట్లో నిలబడి విజిల్ ఊదాడు. "చార్మినార్, చార్మినార్! జల్ది ఎక్కుండ్రి!"

"అవునయ్యా, బస్సొచ్చింది" అంది కాశమ్మ. అక్కడే కొంప మునిగింది.

కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి చంద్రమ్మను "ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు, లోపటికి జరుగు!" అని మంచం మీద కూర్చోబెట్టాడు. కాదనకు అని కాశమ్మ సైగ చేసింది. పాల బీరయ్య క్యానుతో సహా కిటికీ పక్క పీట ఎక్కాడు.

"ఇంక పది ఇండ్లున్నయి భాయ్, దిగుత!"

"నడిచే బస్సుల దిగుతవా? పడి సస్తవ్!"

చంద్రమ్మను వెతుక్కుంటూ వచ్చిన ఆమె మొగుడు ఆనందరావు, ఆఫీసు సంగతి మరిచి, కిటికీ సీటు కోసం బీరయ్యతో లొల్లి పెట్టుకున్నాడు. నర్సు చెప్పిన పాఠం అందరికీ అవసరానికి మించి ఒంటబట్టింది.

కాళ్లు లాగి కాశమ్మ మిగిలిన ఒక్క స్టూలు మీద కూర్చోబోయింది. దానిమీద ఆయన తువ్వాలు పరిచి ఉంది.

"ఆ సీటు ఖాళీ లేదమ్మా."

"ఎవరికి ఆపినవ్?"

"మా ఇంటామెకు. తల్లిగారింటికి పోయింది, మాదన్నపేటల ఎక్కుతది." సిగ్గుపడి గొంతు తగ్గించాడు. "కాశమ్మ."

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆయన నోట వచ్చింది లేదు. ఇప్పుడు పరాయి ఆడమనిషికి చెబుతున్నాడు! పాఠాలన్నీ గాలికిపోయాయి. "నేనేనయ్యా కాశమ్మను!"

"సీటు కోసం అందరు గట్లనే అంటరమ్మా" అన్నాడు, కోపమేమీ లేకుండా.

చంద్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బీరయ్యకే ఉపాయం తట్టింది. "మాదన్నపేట! ఆపుండ్రి!"

విజిల్ మోగింది. కాశమ్మ పెరటి దారిన ఉరికి, కొప్పు సర్దుకుని, చేతిసంచి పట్టుకుని వీధి గుమ్మంలోంచి ఎక్కింది. భిక్షపతి మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె భుజం మీదుగా గల్లీలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఇంక రాలే. బస్సు కదలదు."

"లేటయితుంది భాయ్" అన్నాడు ఆనందరావు.

"కానియ్. ఆమె వచ్చేదాంక నేను రైట్ చెప్ప."

కాశమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ద్వారబంధం పట్టుకుని, ఆయన పక్కనే నిలబడి తనూ గల్లీలోకి చూసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆమె కోసం ఆగడం అదే మొదటిసారి.