వరద మూడు రోజులూ ఊళ్ళోనే ఉన్నవారు

ఆగస్టు వరదప్పుడు కోడూరు దగ్గరి ఒక పల్లెలో ఉండి, ఇల్లు కోల్పోయినవారికి పక్కా ఇళ్ళు ఇచ్చేందుకు జాబితా సిద్ధమైందని, అందులో పొరపాటుకు చోటు లేదని బందరులోని ఒక కార్యాలయం ప్రకటించింది. డేటాబేసులో ప్రతి మనిషి ఊళ్ళో ఉన్న కాలాన్ని ఒకే గడిలో 'వ్యవధి'గా దాచారు. ఆ డేటాబేసును ప్రశ్నలు అడిగే క్వెరీ బిల్డర్ అనే ప్రోగ్రాము మహా నిష్ఠాపరురాలు. వ్యవధిని వ్యవధితో తప్ప పోల్చనివ్వదు. తేదీ ఉండవలసిన చోట పేరు రాస్తే మొత్తం పనినే తిరస్కరిస్తుంది.

జాబితా తీయవలసిన గుడివాడ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గిరీష్ ముందు రెండు ప్రశ్నలు నిలిచాయి. మనిషి ఊళ్ళో ఉన్న వ్యవధి వరద వ్యవధిని ఎక్కడైనా తాకిందా? లేక వరద మూడు రోజులనూ పూర్తిగా తనలో ఇముడ్చుకుందా? రెండోదానిలో గాంభీర్యం ఎక్కువ. దాన్నే ఎంచుకున్నాడు. బిల్డర్ అభ్యంతరపెట్టలేదు. రెండు వైపులా వ్యవధులే కాబట్టి టైపులు సరిపోయాయి.

చేపలమ్ముకునే రత్నాన్ని రెండో రోజున అధికారులే మైకులో బతిమాలి, పడవ ఎక్కించి, ఊళ్ళో ఆమె వ్యవధిని ఆనాటితో ముగించారు. కాబట్టి ఆమెకు ఇల్లు రాలేదు. మూడేళ్ళ కిందట పోయిన ఆమె మామగారు గణపతికి వచ్చింది. ఆయన మరణాన్ని ఎవరూ నమోదు చేయలేదు. ముగింపు తేదీ లేని వ్యవధిని డేటాబేసు అనంతమనే భావిస్తుంది. ఆత్మ గురించి వేదాంతులు తేల్చలేకపోయిన సంగతిని అది ఒక ఖాళీతో తేల్చేసింది.

రత్నం బందరు వెళ్ళింది.

"మావయ్య పోయాడండీ. కూలింది నేనుంటున్న ఇల్లండీ."

"రికార్డులో ఆయన ఉన్నారమ్మా. నువ్వే మధ్యలో వెళ్ళిపోయావు," అన్నారు ప్రత్యేకాధికారి ఓపికగా.

"మీరు ఎక్కమంటేనే గదండీ ఎక్కింది?"

"ఎక్కమన్నది వేరే శాఖ."

గిరీష్‌ను పిలిపించారు. ప్రశ్నలో ఒక్క మాట మారిస్తే చాలని అతను ఒప్పుకున్నాడు. కాని జాబితా మీద సంతకాలు అయిపోయాయి. ఒక్క మాట కోసం అన్ని సంతకాలను అవమానించడం తగదని నిర్ణయించారు. గణపతి గారు స్వయంగా వచ్చి తాళంచెవి తీసుకోవాలన్న నోటీసును రత్నం చేతికే ఇచ్చి పంపారు.

నవంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలు వచ్చాయి, మైకు బతిమాలింది. రత్నం కూలిన గోడ పక్కన, టార్పాలిన్ కింద, మంచం మీద కూర్చుని ఉంది.

"ఈసారి ఆఖరిదాకా ఉంటానండీ," అంది.

ఊరంతా అదే మాట అంది. పడవలు ఖాళీగా తిరిగి వెళ్ళాయి.

మర్నాడు ఆ వార్తను మనం డాబా ఇంట్లో, కాఫీ తాగుతూ చదివాం. ఎంత చెప్పినా ఈ పల్లెవాళ్ళకు బుద్ధి రాదని, చదువు లేకపోవడమే దీనికి కారణమని, కప్పులు ఖాళీ అయ్యేలోపే ఏకాభిప్రాయానికి వచ్చాం.