గుండ్రటి వస్తువుల పాఠం

బడి పైకప్పు కారుతోందని రెండో తరగతి పిల్లలకు వారం రోజులు సెలవిచ్చారు. సెలవంటే ఊరికే ఇచ్చిన సెలవు కాదు. ఏ సబ్జెక్టుకు ఇంట్లో ఏ పని చేయించాలో తల్లిదండ్రుల ఫోన్లకు పంపించారు. లెక్కలకు ఆకారాలు వెతకాలి. సైన్సుకు ఏది తేలుతుందో ఏది మునుగుతుందో చూడాలి. భాషకు ఇంటికొచ్చినవాళ్లతో మర్యాదగా మాట్లాడాలి. ఆ తరగతిలోని ఒక పాప తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టే దర్జీ. ఒకపక్క మిషను తొక్కుతూనే రెండు రోజులు ఈ చదువు నడిపించింది. అది చూసి పాప తండ్రికి చిరాకేసింది. ఆయన ఒక పెద్ద గోడౌనుకు మేనేజరు. పద్ధతి లేకుండా జరిగే పని, ఎంత బాగా జరిగినా సరే, ఆయనకు గిట్టదు.

మూడో రోజు ఆయన సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలోకి వచ్చాడు. అన్ని సబ్జెక్టులూ మధ్యాహ్నంలోపు ముగించేసి, చదువు చెప్పడమంటే ఏమిటో ఇంటిల్లిపాదికీ చూపించాలని ఆయన పథకం. పిల్లకు పాఠం చెప్పడానికైనా, లారీలోంచి సరుకు దింపించడానికైనా కావాల్సింది క్రమశిక్షణేనని భార్యకు కాసేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఆవిడ చెవిన పెట్టలేదు. ఆవిడ ధ్యాసంతా మిషను మీదున్న నల్లకోటు మీదే ఉంది. మర్నాడు పొద్దున కోర్టులో మొట్టమొదటి కేసు వాదించబోయే లాయరమ్మ కోటు అది. సాయంత్రానికల్లా ఇస్తానని మాటిచ్చింది. అది నచ్చితే ఆ కోర్టులోని ఆడ లాయర్లందరి కోట్లూ తన దగ్గరికే వస్తాయి. తేడా వస్తే మళ్లీ దిండు గలీబులు కుట్టుకుంటూ కూర్చోవాలి. గుండీలు తక్కువయ్యాయని బజారుకు బయల్దేరింది.

"పాపని మిషను దగ్గరికి రానీకండి," అంది చెప్పులు వేసుకుంటూ.

"గోడౌను మొత్తం చూసుకునేవాణ్ని, ఒక్క పిల్లని చూసుకోలేనా?" అన్నాడాయన.

ముందు లెక్కలు మొదలయ్యాయి. గోడౌనులో సామాను మీద అంటించే రంగు చుక్కలు ఇంట్లో కొన్ని ఉన్నాయి. అక్కడ ఎర్ర చుక్క అంటే బయటికి పంపాల్సిన సరుకని అర్థం. ఆ పద్ధతి కనిపెట్టింది తనేనని ఆయన చుట్టాల దగ్గర కూడా చెప్పుకుంటాడు. ముందురోజు సాయంత్రం పాత మంచానికి, తలుపు ఊడిన బీరువాకి ఎర్ర చుక్కలు పెట్టి, పాత సామాను పేదలకు పంచే సేవాకేంద్రానికి ఫోన్ చేశాడు. వ్యాను పంపమని, ఎర్ర చుక్క కనిపించిన ప్రతిదీ మారుమాట్లాడకుండా ఎత్తుకుపోవచ్చని చెప్పాడు. ఇప్పుడు అవే చుక్కలు పాప చేతికిచ్చి, గుండ్రంగా ఉన్నవాటికి ఎరుపు, చదరంగా ఉన్నవాటికి నీలం అంటించమన్నాడు. గోడౌనులో ఎవరైనా ఇలా చేస్తే సంజాయిషీ రాయించుకునేవాడు. అదృష్టం కొద్దీ ఇంట్లో ఆయనకు పైఅధికారి లేడు, ఉన్నావిడ బజారుకెళ్లింది.

పాప శ్రద్ధగల పిల్ల. గోడ గడియారానికి, గుండ్రటి భోజనాల బల్లకి, బట్టలుతికే మెషీను తలుపుకి ఎర్ర చుక్కలు పెట్టింది. కుట్టుమిషను దగ్గరికి రావద్దన్నది తల్లి తండ్రికి చెప్పిన మాటే గానీ తనకు చెప్పింది కాదు. దాని చక్రం గుండ్రంగానే ఉంది కాబట్టి దానికీ ఒకటి పెట్టింది. పడక్కుర్చీలో కునుకు తీస్తున్న తాతగారి బట్టతల అన్నిటికన్నా గుండ్రంగా కనిపించింది. ఒక చుక్క అక్కడా పడింది.

తండ్రి ఇదేమీ చూడలేదు. ఆయన అప్పటికే సైన్సుకు వెళ్లిపోయాడు. బకెట్టు నిండా నీళ్లు పట్టి, చెంచా, సబ్బుపెట్టె, పెన్సిలు వరుసగా పేర్చి, తువ్వాలు తేవడానికి లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి పాప వరుసలో లేని వస్తువుతో ప్రయోగం ముగించింది.

"తేలుతుందనుకున్నా నాన్నా. మునిగింది," అంది బకెట్టులోకి చూపిస్తూ.

ప్రయోగంలో ఏ లోపమూ లేదు, ఫోను ఆయనది కావడం తప్ప. ఆయన దాన్ని పైకి తీసి, తువ్వాల్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బాల్కనీలో ఎండలోకి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే సేవాకేంద్రం వ్యాను వచ్చింది. తలుపు తీసింది పాప. భాష పాఠం ఎలాగూ మిగిలే ఉంది. వచ్చినవాళ్లను కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగింది. ఎర్ర చుక్కలున్న వస్తువులెక్కడ అని వాళ్లు అడగ్గానే, తన లెక్కల పని చూడ్డానికి బడి నుంచి వచ్చారనుకుని పొంగిపోయింది. ఒక్కటీ వదలకుండా దగ్గరుండి చూపించింది. బట్టలుతికే మెషీను లోపలున్న తడిబట్టలతో సహా వెళ్లింది. కుట్టుమిషను మీదున్న కోటుతో సహా వెళ్లింది. ఈ రోజుల్లో ఇంత మనసున్నవాళ్లు ఎక్కడున్నారని వాళ్లలో వాళ్లు అనుకున్నారు.

ఆఖర్న డ్రైవరు కాగితం పట్టుకుని బాల్కనీలోకి వచ్చాడు. "అన్నీ ఎక్కించామండి. ఒక్కటే వదిలేశాం, నిద్రలో ఉన్నారు."

ఆయన ఫోనును చెవి దగ్గర ఊపి చూసుకుంటున్నాడు. "ఏదీ వదలొద్దు. చుక్కుంటే తీసుకెళ్లిపోండి," అంటూ చూడకుండా సంతకం గీకేశాడు. డ్రైవరుకు ఎంతో కొంత దయ ఉంది కాబట్టి తాతగారిని లేపకుండా వెళ్లిపోయాడు.

గుండీలతో భార్య, కొలత సరిచూసుకోవడానికి లాయరమ్మ ఒకేసారి లోపలికొచ్చారు. మిషను ఉండాల్సిన చోట దుమ్ము ఆనవాలు మిగిలింది. భార్య గుండీల పొట్లం అక్కడే పడేసి గదులన్నీ వెతికింది. జరిగినదంతా పాప ఉత్సాహంగా చెప్పింది, తనకెన్ని మార్కులు పడతాయని కూడా అడిగింది. అందరూ లాయరమ్మ కారెక్కారు. ఇంట్లో ఒంటరిగా ఉండడం క్షేమం కాదని తాతగారూ ఎక్కారు.

సేవాకేంద్రం ఇన్‌చార్జి నెమ్మదైన మనిషే, కాని నియమం నియమమే. సంతకం పెట్టి ఇచ్చిన సామాను వెనక్కివ్వరు. మిషను కోసం ఎదురుచూస్తున్నవాళ్లు సాయంత్రం వస్తున్నారు. గోడౌను మేనేజరు గొంతు సవరించుకుని, ఇది తన వల్ల జరిగిన పొరపాటు కాదని, చుక్కలు అంటించిందీ, తలుపు తీసిందీ, ఫోను ముంచిందీ పిల్లేనని వరసగా వివరించాడు. పాప ముఖం చిన్నబోయింది.

అప్పటిదాకా కోపం దిగమింగుకున్న భార్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా బతుకుతెరువు పంపించేశారు. అది చాలక పిల్ల మీద తోస్తారా?" అంది.

లాయరమ్మ తన కోటు వైపు ఒకసారి చూసుకుంది. ఏమిస్తున్నాడో తెలియని మనిషి పెట్టిన సంతకం చెల్లుతుందా అని ఇన్‌చార్జిని అడిగింది. అలాంటివాళ్లది ఎలా చెల్లుతుందన్నాడాయన. తనకేమీ తెలియదని తేలితే తప్పు పాప నెత్తినే పడుతుందని మేనేజరుకు కాస్త ఊపిరి వచ్చింది. కాని లాయరమ్మ ఆయన వైపే తిరిగింది. కాగితం చదివారా అంటే లేదన్నాడు. సామాను చూశారా అంటే లేదన్నాడు. ఎర్ర చుక్కకు అర్థమేమిటంటే, తను కనిపెట్టిన పద్ధతి కాబట్టి గర్వంగా చెప్పాడు. మరి ఆ చుక్కలు ఆటకు ఎవరిచ్చారంటే చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఈయన కన్నతండ్రిని కూడా తీసుకెళ్లమన్నారా?" అని డ్రైవర్ని అడిగింది.

"రెండుసార్లు అన్నట్టేనండి, ఫోన్లోనూ, ఎదుటా," అన్నాడు డ్రైవరు.

ఇన్‌చార్జి తాతగారి వైపు తిరిగాడు. బట్టతల మీద ఎర్ర చుక్క ఇంకా అలాగే ఉంది.

"చిన్నప్పట్నుంచీ అంతేనయ్యా వాడు," అన్నాడు తాతగారు.

ఈయనకు తను చేసేది తెలియదన్నది నిజమేనా అని ఇన్‌చార్జి ఇంటావిడను కూడా అడిగాడు. ఆవిడ మొగుడి వైపు చూసింది, కోటు వైపు చూసింది. "పదేళ్లుగా చూస్తున్నానండి. నిజమే," అంది.

దాత తను చేసేదేమిటో తెలుసుకునే స్థితిలో లేడు కాబట్టి దానం చెల్లదని ఇన్‌చార్జి రాసి, సంతకం పెట్టమని మేనేజరు ముందుంచాడు. ఈసారి ఆయన ప్రతి అక్షరం చదివి మరీ పెట్టాడు. వ్యాను మళ్లీ ఇల్లు చేరింది. సాయంత్రానికి కోటు పూర్తయింది. మర్నాడు లాయరమ్మ కోర్టులో ఓడిపోయింది గానీ, కోటు ఎక్కడ కుట్టించావని అవతలి పక్షం లాయరమ్మ కూడా అడిగిందట. గోడౌనులో చుక్కల పద్ధతి ఎప్పటిలాగే నడుస్తోంది. సేవాకేంద్రంలో వచ్చిన తీర్పు మీద మాత్రం మేనేజరుగారు ఇంతవరకు అప్పీలుకు వెళ్లలేదు.