బాధ్యుడు: మహేందర్

రాయదుర్గం మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో, అద్దాల మేడలో ఒక కంపెనీ ఉంది. పేరు మనకెందుకులెండి. ఆ కంపెనీ తన ఆస్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి లెక్క రాసే మహత్కార్యానికి పూనుకున్నదనీ, ఆ పని మనుషులు చేయబోరనీ, దానంతటదే జరుగుతుందనీ, కనుక సిబ్బంది యావన్మందీ సహకరించవలసిందనీ ఒక సోమవారం ఉదయం ప్రకటన వెలువడింది. దానంతటదే జరిగే పనికి సహకారం ఎందుకని ఎవరూ అడగలేదు. అలాంటి ప్రశ్నలు అడిగేవారిని ఇంటర్వ్యూలోనే వడగట్టేస్తారు.

కథ తెలియాలంటే ముందు క్లౌడు సంగతి తెలియాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఇంట్లో శుభకార్యం వస్తే టెంట్ హౌస్ నుంచి డేగిశాలు, కుర్చీలు, గరిటెలు కిరాయికి తెచ్చుకుంటాం కదా, అదే ఇది. కంపెనీలు సొంతంగా కంప్యూటర్లు కొనడం మానేసి, ఎక్కడో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర కిరాయికి తీసుకుంటాయి. వాటి మధ్య నడిచే దారులూ, దారులకు గేట్లూ, గేట్లకు కాపలాలూ కూడా కిరాయికే. మీట నొక్కితే వస్తాయి. పెళ్ళి అయిపోయాక సామాను తిప్పి పంపడం మరచిపోతే కిరాయి నడుస్తూనే ఉంటుంది చూడండి, ఇక్కడా అంతే. ఈ కంపెనీలో ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళు జరిగాయి గాని ఒక్క గరిటె తిరిగి వెళ్ళిన పాపాన పోలేదు.

అందుకని యాజమాన్యం వారు గరుడ అనే సాఫ్ట్‌వేరు యంత్రాన్ని కొన్నారు. అది ఒక్క మధ్యాహ్నం క్లౌడంతా తిరిగి, కంపెనీ వారివన్నీ పట్టుకొచ్చి వరసగా పరిచింది. ఎటూ పోని దారులు. దారే లేని గేట్లు. ఎవరూ రాని గేటుకు ఇద్దరు కాపలా. ‘బుజ్జి టెస్ట్’ అని ఒక నెట్‌వర్కు, ‘బుజ్జి టెస్ట్ అసలుది’ అని ఇంకొకటి, ‘దీన్ని తీయొద్దు’ అని మరొకటి. బుజ్జి ఎవరో, తీయొద్దన్నది ఎవరినో ఎవరికీ గుర్తులేదు. గరుడకు అన్నీ కనిపించాయి గాని, ఏది ఎవరిదో ఒక్కటి మాత్రం అంతుబట్టలేదు. అందుకని ప్రతిదాని పక్కనా ‘బాధ్యుడు’ అని ఒక గడి పెట్టి, శుక్రవారం సాయంత్రంలోగా మీరే నింపండి, పేరు లేనిదాన్ని తీసిపారేస్తాను అని చెప్పి కూర్చుంది.

ఈ నెట్‌వర్కులు కట్టే విభాగంలో పనిచేసే ప్రవీణకు ఈ గణన మీద చాలా ఆశలున్నాయి. కాకినాడ పిల్ల, నల్లగండ్లలో కాపురం. టీము లీడరు కుర్చీ ఎప్పటినుంచో ఖాళీగా ఉంది. అందులో ప్రవీణే కూర్చోవాలని అందరూ అంటారు, ఏటా ‘వచ్చే ఏడాది’ అంటారు. ఈసారి మాత్రం మేనేజరు సోమేశ్వరరావు గారు పిలిచి మరీ చెప్పారు.

“చూడండి ప్రవీణ గారూ, ఈసారి నా మాట, మీ మాట ఏమీ లేదండి. గరుడ ఇచ్చే నివేదికను బట్టే పదవి. యంత్రానికి మొహమాటం ఉండదు కదండి.”

ఆ మాట నమ్మి ప్రవీణ తాను కట్టిన నెట్‌వర్కులన్నిటి పక్కనా తన పేరు రాసుకుంది. పక్క సీటు అశ్విని అది చూసి, ఒంట్లో బాగాలేదని తెలిసినవాళ్ళను పలకరించినట్టు మెల్లగా అడిగింది.

“నీ పేరే రాశావా?”

“నేను కట్టినవే కదా.”

“కట్టినవాళ్ళు రాసుకోరు ప్రవీణా. మానేసినవాళ్ళ పేరు రాస్తారు. మహేందర్ ఉన్నాడుగా.”

“మహేందర్ ఎక్కడున్నాడే? మానేసి రెండేళ్ళయింది.”

“అందుకే చెప్తున్నా. ఏదన్నా ఆగిపోతే ఫోను ఎత్తడు.”

ఇది అశ్విని కనిపెట్టిన కిటుకు కాదు. ఆ మేడల్లో చిరకాలంగా వస్తున్న ఆచారం. ఎవరైనా మానేస్తే కేకు కోయిస్తారు, కళ్ళు తుడుచుకుంటారు, మర్నాటి నుంచి జరిగిన తప్పులన్నీ అతని ఖాతాలో వేస్తారు. వెళ్ళేవాడికి కూడా ఆ సంగతి తెలుసు. తానూ వచ్చిన కొత్తలో తన ముందువాడికి అలాగే వేశాడు. శుక్రవారం సాయంత్రానికి గడులన్నీ నిండిపోయాయి. ప్రవీణవి పోగా మిగతా దారులు, గేట్లు, కాపలాలు, బుజ్జితో సహా, మహేందర్‌వి అయ్యాయి.

గరుడ తన రెండో పని మొదలుపెట్టింది. ఏ దారిలో లోపమున్నా, ఏ గేటు తెరిచి ఉన్నా ఆ బాధ్యుడికి ఫిర్యాదు పంపడం, జవాబు వచ్చేదాకా అతని పేరు ఎర్రగా చూపించడం. ప్రవీణ ఫోను అన్నం తినేటప్పుడు మోగింది, లిఫ్టులో మోగింది, పాప స్కూల్లో డాన్సు చేస్తుంటే మోగింది. ఒకటి సరిచేసేలోగా ఇంకొకటి. మహేందర్ సంగతి వేరు. కంపెనీలో అతని ఈమెయిలు మూసేసి చాలాకాలమైంది. లేని చిరునామాకు ఫిర్యాదు పంపడానికి వీల్లేదు. పంపని ఫిర్యాదు లెక్కలోకి రాదు. కనుక నివేదికలో మహేందర్ నిగనిగలాడే పచ్చరంగులో వెలిగాడు. ప్రవీణ పండుమిరపకాయలా ఉంది.

ఆ నివేదికను గోడంత తెర మీద వేసి, వైస్ ప్రెసిడెంటు ఉదయ్ భాస్కర్ గారు సభ చేశారు. ఆయన కింది ఉద్యోగుల ముఖాలు చూసే అలవాటున్నవారు కాదు. రంగులు చూస్తారు.

“ఎవరీ మహేందర్?” అన్నారు.

సోమేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. “చాలా నెమ్మదస్తుడు సార్. ఇంటి దగ్గర నుంచే పని.”

అందులో అబద్ధం ఏమీ లేదు. బాలానగర్‌లో మహేందర్ ఇప్పుడు పనిచేస్తున్న వాళ్ళ నాన్న లేతు వర్క్‌షాపు ఇంటి వెనకాలే.

“మిత్రులారా,” అన్నారు ఉదయ్ భాస్కర్ గారు, “సంస్థ భారమంతా ఒక్క భుజం మీద మోస్తూ, ఒక్క ఫిర్యాదు రానివ్వకుండా, తాను ఉన్నట్టే తెలియనివ్వని మనిషిని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నాను. చూడకపోయినా చూస్తున్నాను. నాయకత్వమంటే ఇది. టీము లీడరు మహేందరే.”

చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా అశ్విని కొట్టింది. ఒక చిన్న చిక్కు వచ్చింది గాని తేలిపోయింది. జీతాల విభాగం వారి లెక్కలో మహేందర్ లేడు, గరుడ లెక్కలో ఉన్నాడు. పదవికి గరుడ లెక్క, జీతానికి పాత లెక్క పాటించాలని తీర్మానించారు. ఇంత పెద్ద బాధ్యతను ఇంత చవకగా మోసే అధికారి మరే కంపెనీకీ లేడని ఉదయ్ భాస్కర్ గారు పొంగిపోయారు.

ప్రవీణ మెట్ల దగ్గరికి వెళ్ళి మహేందర్‌కు ఫోను చేసింది. అవతల లేతు మిషను గీపెడుతోంది.

“ఏంది ప్రవీణక్కా, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?”

ఆమె సంగతంతా చెప్పింది. “ఒక్కసారి ఆఫీసుకు వచ్చి, నేనిక్కడ లేనని చెప్పిపో మహేందర్. నీకు పుణ్యముంటుంది.”

“నేనొచ్చి నేను లేనని చెప్పాల్నా? జర సోంచాయించక్కా. లేనోడు రాడు. వస్తే ఉన్నట్టే గదా.”

“మరి నా పదవి?”

“నాకే పడ్డదంటివి గద. జీతం గిట్ల ఏమన్న వేస్తరా?”

“లేదు. నువ్వు ఉద్యోగంలో లేవుగా.”

“గట్లనా. అయితే నాకేం ఫికర్ లేదు. నువ్వే చూస్కో ఇగ. బోల్టులు ఎదురు సూస్తున్నయ్.”

ప్రవీణ సీటుకు వచ్చింది. ఫోను మోగుతోంది. దాన్ని మోగనిచ్చి గరుడను తెరిచింది. తన నెట్‌వర్కుల పక్కన తన పేరు ఒక్కొక్కటే చెరిపి, మహేందర్ అని రాసింది. చివరిదాని దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. అది ఆమె మొట్టమొదట కట్టిన దారి. ఎన్నో కంపెనీల జీతాలు దానిమీదుగానే వెళతాయి. దాన్నీ రాసేసింది. ఫోను ఊరుకుంది. తెర మీద ఎరుపు పోయింది.

మర్నాడు సోమేశ్వరరావు గారు పిలిచి అభినందించారు. “ఒక్క రోజులో ఎంత మార్పండీ. మీలో ఇంత ప్రతిభ ఉందనుకోలేదు.” అని ఆమెను లీడరుకు సహాయకురాలిగా నియమించారు. లీడరు రాడు గనుక లీడరు చేయవలసినవన్నీ సహాయకురాలు చేయాలి. చేసినవన్నీ లీడరు పేరుతో పంపాలి. అందరూ సంతోషించారు. మీటింగులు పెట్టని, సెలవు అడిగితే కాదనని, కోప్పడని లీడరు అంతకుముందు ఆ మేడలో లేడు. ఏడాది చివర మహేందర్‌కు ఉత్తమ నాయకుడి జ్ఞాపిక ఇచ్చారు. ప్రవీణే అందుకుంది.

ఆ జ్ఞాపిక సంచిలో వేసుకుని నల్లగండ్ల చేరి, అత్తగారు వీరలక్ష్మి గారి పక్కన కూర్చుని కథంతా చెప్పుకుంది. లేని మనిషికి పదవేమిటి అత్తయ్యా, ఇలాంటి విడ్డూరం ఎక్కడైనా ఉందా అంది.

వీరలక్ష్మి గారు చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నారు. ఆవిడకు నవ్వూ రాలేదు, ఆశ్చర్యమూ కలగలేదు.

“విడ్డూరమేముందమ్మాయ్. మన కరెంటు బిల్లు ఇప్పటికీ ఆ బిల్డరు పేరునే గదా వస్తోంది. గ్యాసు మీ మామగారి పేరున. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఒక్కసారైనా సిలిండరు ఆలస్యం చేశారా?”

ప్రవీణ కూడా ఒక చిక్కుడుకాయ అందుకుంది. ఈ కంపెనీని చూసి నవ్వుకుంటున్న పాఠకులు కూడా ఒక్కసారి లేచి, తమ ఇంటి బిల్లుల మీద ఎవరి పేర్లున్నాయో చూసుకుని వచ్చి, మిగిలిన నవ్వు నవ్వుకోవచ్చు.